ఆలస్యం ఎక్కడ పుట్టింది? లక్సెంబర్గ్ విమానాల డేటాలో వచ్చే చిక్కులు, వాటి పరిష్కారాలు

లక్సెంబర్గ్ వైశాల్యం 2,586 చదరపు కిలోమీటర్లు. ప్రయాణికుల విమానాలు దిగే ఎయిర్‌పోర్టు ఒక్కటే, ఫిండెల్. దానికి రన్‌వే కూడా ఒక్కటే. ఇంత చిన్న చోట ఆలస్యాన్ని లెక్కగట్టడం తేలికే అనిపిస్తుంది. డేటా ముందేసుకుని కూర్చుంటే తెలుస్తుంది అసలు సంగతి.

సమస్య: ఆకాశం నిర్మలంగా ఉంది, రన్‌వే ఖాళీ, అయినా విమానం కదలదు

కారణం సాధారణంగా సరిహద్దు అవతల ఉంటుంది. ఫిండెల్ కంట్రోలర్ల చేతిలో ఉన్నది ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల కింది గగనతలమే. 24,500 అడుగుల పైన లక్సెంబర్గ్, బెల్జియం, నెదర్లాండ్స్, వాయవ్య జర్మనీ అన్నింటినీ చూసేది నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో ఉన్న యూరోకంట్రోల్ (యూరప్ దేశాల ఉమ్మడి గగనతల సంస్థ) కేంద్రం. దక్షిణానికి తిరిగితే కాసేపట్లోనే ఫ్రాన్స్ కేంద్రాలు. ఈ దారిలో ఏ సెక్టార్‌కైనా (కంట్రోలర్లు పంచుకున్న గగనతలంలో ఒక ముక్క) తట్టుకోగలిగినదానికంటే ఎక్కువ విమానాలు వచ్చేలా ఉంటే, యూరోకంట్రోల్‌లోనే యూరప్ రద్దీని చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్ అక్కడ రెగ్యులేషన్ పెడుతుంది. అంటే, ఆ సెక్టార్‌కి వెళ్లాల్సిన విమానాలను గాల్లో తిప్పడం మాని, బయల్దేరే చోటే ఆపి, ఒక్కోదానికి టేకాఫ్ స్లాట్ (ఎగరాల్సిన టైమ్) ఇస్తుంది. ఫ్రాన్స్‌లోని మార్సే కేంద్రంలో సిబ్బంది చాలక సెక్టార్లు తక్కువ తెరిచారనుకోండి. నీస్ వెళ్లాల్సిన విమానం ఫిండెల్‌లో తలుపులేసుకుని కూర్చుంటుంది. తిట్లు మాత్రం ఫిండెల్ టవర్‌కి.

కాబట్టి ఆలస్యాన్ని బయల్దేరిన ఎయిర్‌పోర్టు ఖాతాలో రాయకండి. రెగ్యులేషన్ ఎక్కడ పెట్టారు, ఎందుకు పెట్టారు అన్నవాటికి వేరే కాలమ్‌లు ఉంచండి. ఒకే విమానం రెండు మూడు రెగ్యులేషన్లలో చిక్కుకుంటే నిమిషాలన్నీ ఎక్కువ ఆపినదాని ఖాతాలోకే వెళ్తాయి, వాటాలు పంచరు. ఎయిర్‌లైన్ రాసే ఆలస్యం కోడ్ దొరికితే ఇంకా మంచిది: 81 అంటే దారిలో రద్దీ, 82 అంటే దారిలో సిబ్బంది లేదా పరికరాల సమస్య, 83 అంటే దిగే ఎయిర్‌పోర్టులో ఆంక్ష. కోడ్ దొరక్కపోతే ఒక మోటు పద్ధతి ఉంది. ఒకే దిక్కుకి వెళ్లేవి మాత్రమే లేటైతే దారిని అనుమానించండి, అన్ని దిక్కులవీ లేటైతే ఇంటిని, అంటే ఫిండెల్‌నే, అనుమానించండి.

సమస్య: ఒకే విమానానికి మూడు రకాల ఆలస్యం

నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. ఒక విమానం 10:00కి స్టాండ్ (ఆగి ఉన్న చోటు) వదలాలి. రన్‌వే దాకా వెళ్లడానికి 10 నిమిషాలు, కాబట్టి 10:10కి ఎగరాలి. స్లాట్ 10:42కి వచ్చింది. స్లాట్‌కి 5 నిమిషాల ముందు నుంచి 10 నిమిషాల తర్వాత వరకు వెసులుబాటు ఉంటుంది గనక, అది 10:28కి స్టాండ్ వదిలి 10:38కి ఎగిరింది. నెట్‌వర్క్ లెక్కలో ఆలస్యం 32 నిమిషాలు. ఎయిర్‌లైన్ లెక్కలో 28. టేకాఫ్ టైమ్‌లోంచి టైమ్‌టేబుల్ టైమ్ తీసేసే ట్రాకర్ (విమానాల కదలికలు చూపే యాప్) లెక్కలో 38. మూడూ కరెక్టే, కొలిచినవి వేరు.

ఇంకో మెలిక ఉంది. సామాను ఎక్కించడం ఆలస్యమై, ఎయిర్‌లైన్ తన ఫ్లైట్ ప్లాన్‌ను 10:25కి జరిపిందనుకోండి. స్లాట్ అదే 10:42 అయితే నెట్‌వర్క్ ఆలస్యం 7 నిమిషాలకు పడిపోతుంది, ఎందుకంటే ఎయిర్‌లైన్ చివరగా అడిగిన టేకాఫ్ టైమ్ నుంచే అది లెక్కేస్తుంది. సీట్లో కూర్చున్నవాళ్లకు ఒక్క నిమిషం కూడా కలిసిరాలేదు. అందుకే కాలమ్ పేరు ఉత్త 'ఆలస్యం' అని పెట్టొద్దు. ఏ టైమ్ నుంచి ఏ టైమ్‌కో పేరులోనే రాయండి. ఫ్లైట్ ప్లాన్ మారినప్పుడల్లా పాతదాన్ని చెరిపేయకుండా దాచండి.

సమస్య: అన్ని విమానాలూ సరిగ్గా 60 నిమిషాల తేడా

ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) సందేశాలన్నీ యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం), టైమ్‌టేబుల్ స్థానిక సమయంలో ఉంటాయి. లక్సెంబర్గ్ చలికాలంలో యూటీసీకి గంట ముందు, వేసవిలో రెండు గంటలు. నా ప్రోగ్రామ్‌లో ఎప్పుడూ ఒక గంటే అని గట్టిగా రాసేశాను. మార్చి చివరి ఆదివారం నా తెర మీద ప్రతి విమానమూ గంట ముందే ఎగిరిపోయింది. ఓ పది నిమిషాలు మురిసిపోయాను కూడా. అన్నీ యూటీసీలోనే దాచి, చూపించేటప్పుడు మాత్రమే టైమ్‌జోన్ పేరుతో మార్చండి.

సమస్య: సగటు బావుంది, జనం మాత్రం మండిపడుతున్నారు

100 విమానాల్లో 10 విమానాలు 40 నిమిషాల చొప్పున ఆగితే సగటు 4 నిమిషాలే. 2015-2019 కాలానికి దారిలో ఆలస్యానికి యూరోపియన్ యూనియన్ పెట్టుకున్న లక్ష్యం విమానానికి 0.5 నిమిషం. అధికారుల పనితీరు కొలవడానికి అది చాలు, ప్రయాణికుడి అనుభవానికి చాలదు. ఆగిన విమానాలను విడిగా తీసి, గంటల వారీగా చూడండి.

సమస్య: పొద్దున అంతా సవ్యం, సాయంత్రానికి అస్తవ్యస్తం

ఒకే విమానం రోజంతా వెళ్లి వస్తుంటుంది. పొద్దున పోయిన 25 నిమిషాలు రాత్రి దాకా వెంటాడతాయి. దీనికి ఎయిర్‌లైన్ ఆలస్యం కోడ్ 93. రిజిస్ట్రేషన్ నంబర్‌తో విమానాన్ని రోజంతా గుదిగుచ్చి చూస్తే మొదటి దెబ్బ ఎక్కడ తగిలిందో దొరుకుతుంది.

సమస్య: విమానాలు నిన్నటి అన్నే, కెపాసిటీ మాత్రం తగ్గింది

కెపాసిటీ స్థిరమైన అంకె కాదు. ఫిండెల్ 376 మీటర్ల ఎత్తున పీఠభూమి మీద ఉంది. పొగమంచు దిగితే ల్యాండింగ్ సిగ్నల్‌కి అడ్డు రాకుండా విమానాల మధ్య దూరం పెంచాలి, అంతే, గంటకు దిగేవి తగ్గిపోతాయి. సిబ్బంది సంగతీ అంతే. ఒక కంట్రోలర్‌కి జ్వరం వస్తే పక్క దేశం నుంచి అరువు తెచ్చుకోలేరు, లైసెన్సులోని అనుమతి ఆ యూనిట్‌కే (ఆ టవర్ లేదా కేంద్రానికే) చెల్లుతుంది మరి. విమానాల సంఖ్య పక్కనే ఆ గంటలో ఎన్ని సెక్టార్లు తెరిచారో, విజిబిలిటీ ఎంతో కూడా నమోదు చేయండి. గంట లెక్క ఒక్కటే నమ్మొద్దు. గంటకు 30 వచ్చినా అందులో 14 పది నిమిషాల్లోనే ఊడిపడితే, ఇబ్బంది ఆ పది నిమిషాలదే.

సమస్య: కొన్ని విమానాలు డేటాలో మాయం

ఏడీఎస్-బీ సంకేతాలు (విమానం తానెక్కడుందో తానే పంపేవి) 1090 మెగాహెర్ట్జ్‌లో సూటిగా ప్రయాణిస్తాయి. కొండ, భవనం అడ్డొస్తే నేల మీదున్న విమానం రిసీవర్‌కి అందదు. ల్యాండింగ్ కనిపించని రికార్డును 'రద్దు' అని రాయకుండా 'తెలియదు' అని ఉంచి, ఎయిర్‌పోర్టు బోర్డుతో సరిచూడండి.