ఇంగ్లిష్ ఉత్తరం పంపేముందు కామాలు చూసుకోండి: స్పానిష్ మాతృభాషగా ఉన్నవాళ్లకు జాగ్రత్తలు

ముందు అంకెలు చూడండి, ఇక్కడ పొరపాటు జరిగితే డబ్బు మీదికి వస్తుంది. స్పెయిన్‌లో దశాంశానికి కామా పెడతారు, ఇంగ్లిష్‌లో చుక్క. వేల దగ్గర ఇది తిరగబడుతుంది. మాడ్రిడ్ అలవాటు ప్రకారం 1.500 యూరోలు అని రాస్తే, లండన్‌లో చదివేవాళ్లకు అది ఒకటిన్నర యూరో. 1,500 అని రాయండి. మెక్సికోవాళ్లకు ఈ టెన్షన్ లేదు, అక్కడా దశాంశానికి చుక్కే.

రెండు పూర్తి వాక్యాలను ఉత్త కామాతో అతికించారేమో వెతకండి. ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలని నా అభిప్రాయం. స్పానిష్‌లో ఇది చాలాచోట్ల చెల్లుతుంది, ఇంగ్లిష్‌లో తప్పుగా లెక్కేస్తారు. 'ఇట్ వాజ్ లేట్, వి వెంట్ హోమ్' అని ఉంటే కామా తర్వాత 'సో' చేర్చండి. లేదా కామా తీసేసి ఫుల్‌స్టాప్ పెట్టండి.

'డియర్ మరియా' తర్వాత చెయ్యి స్పానిష్ అలవాటుగా కోలన్ (:) పెట్టేస్తుంది. దాన్ని కామాగా మార్చండి. అమెరికాలో ఆఫీసు ఉత్తరమైతే మాత్రం కోలనే ఉంచండి.

జాబితాలో చివరి 'అండ్' ముందు కామా స్పానిష్‌లో మామూలుగా ఉండదు, అమెరికన్ పుస్తకాల్లో తరచూ ఉంటుంది. ఏదో ఒక పద్ధతి ఎంచుకుని ఉత్తరమంతా అదే పాటించండి.