భూటాన్ వెళ్తున్నారా, ముందు మ్యాప్‌లో నదులు గీయండి

ఈమధ్య మన వైపు నుంచి భూటాన్ వెళ్ళేవాళ్ళు బాగా పెరిగారు. వెళ్ళొచ్చినవాళ్ళని ఎలా ఉందీ అనడిగితే క్లీన్‌గా ఉందండీ, చల్లగా ఉందండీ, జనం మంచివాళ్ళండీ అంటారు, అక్కడితో అయిపోతుంది. మొదటిసారి వెళ్ళొచ్చాక నేనూ అంతే చెప్పాను. రెండోసారి బయల్దేరే ముందు మాత్రం రెండు వారాలు రోజూ రాత్రి ఒక గంట కూర్చుని ఆ దేశం గురించి చదివాను, ఈసారి చూసింది వేరే దేశంలా అనిపించింది. అందుకే హోటళ్ళు, ఫోటో స్పాట్లు పక్కన పెట్టి, వెళ్ళే ముందు ఆ దేశాన్ని ఎలా చదువుకోవాలో రాస్తున్నా.

ముందు ఒక మ్యాప్ తీసుకోండి, కొండల ఎత్తులు కనపడేది, వీలైతే పెద్ద సైజులో ప్రింట్ తీయించుకోండి. ఉత్తరాన టిబెట్, మిగతా మూడు వైపులా మన దేశమే, సిక్కిం, బెంగాల్, అస్సాం, అరుణాచల్. మొత్తం వైశాల్యం 38,394 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో మూడోవంతు. జనాభా ఎనిమిది లక్షల లోపే, 2017 లెక్కల్లో 7,27,145 మంది. దక్షిణాన అస్సాం పక్కన వంద మీటర్ల ఎత్తు కూడా లేని చోట్లున్నాయి, ఉత్తరాన గంగ్‌ఖర్ పుయెన్సుమ్ శిఖరం 7,570 మీటర్లు, ఈ రెంటికీ మధ్య దూరం ఇంచుమించు హైదరాబాద్ నుంచి వరంగల్ ఎంతో అంతే. ఆ కాస్త దూరంలోనే కింద అరటితోటలు, పైన మంచుకొండలు. ఆ శిఖరం ఇంతవరకు ఎవరూ ఎక్కలేదు. 1994లో 6,000 మీటర్లు దాటిన కొండలు ఎక్కొద్దన్నారు, 2003 నుంచి పర్వతారోహణే పూర్తిగా ఆపేశారు, ఎందుకంటే అవి అక్కడివాళ్ళకి దేవతలుండే చోట్లు. తిరుమల కొండని మనం మామూలు కొండగా చూస్తామా, వాళ్ళూ అంతే.

ఇప్పుడు నీలం పెన్ను తీసుకుని నదులు గీయండి. అమో ఛూ, వాంగ్ ఛూ, పునత్సాంగ్ ఛూ, మానస్. అన్నీ ఉత్తరం నుంచి దక్షిణానికే దిగుతాయి, చివరికి బ్రహ్మపుత్రలో కలుస్తాయి. ఛూ అంటే నీళ్ళు, నది. తర్వాత ఎర్ర పెన్నుతో పడమర నుంచి తూర్పుకి పోయే పెద్ద రోడ్డు గీయండి. గీస్తుంటేనే అసలు సంగతి మీకే తెలిసిపోతుంది, నదులు నిలువుగా, రోడ్డు అడ్డంగా, అంటే ఒక లోయ నుంచి పక్క లోయకి పోవాలంటే ప్రతిసారీ మధ్యలో ఒక కొండ ఎక్కి దిగాల్సిందే. ఆ దాటే చోటునే లా అంటారు, దోచు లా, పెలే లా, చెలే లా. అందుకని మీ ప్లాన్‌ని కిలోమీటర్లలో వేసుకోకండి, రోజుకి ఎన్ని లాలు దాటాలో లెక్కేసుకోండి. రాజధాని థింఫూ నుంచి పునాఖా డెబ్బై ఐదు కిలోమీటర్ల లోపే, మన హైవే మీద గంటంబావు, అక్కడ రెండున్నర నుంచి మూడు గంటలు. 2,300 మీటర్ల దగ్గర స్వెట్టర్ వేసుకుని బయల్దేరి, 3,100 మీటర్ల దోచు లా దగ్గర పొగమంచులో వణికి, 1,200 మీటర్ల పునాఖాలో దిగేసరికి స్వెట్టర్ తీసి చేతిలో పట్టుకుంటారు, అక్కడ వరిపొలాలు, నారింజ చెట్లు. దోచు లా దగ్గర తెల్లటి చిన్న స్తూపాలు 108 ఉంటాయి. అందరూ అక్కడ ఫోటోలు దిగుతారు, అవి 2003 డిసెంబర్లో జరిగిన పోరాటంలో చనిపోయినవాళ్ళ జ్ఞాపకంగా కట్టినవని తెలిసి దిగండి. దక్షిణ భూటాన్ అడవుల్లో అస్సాం మిలిటెంట్లు క్యాంపులు పెట్టుకుంటే భూటాన్ సైన్యం వాళ్ళని తరిమేసిన పోరాటం అది.

నదులు గీశాక ఆ దేశానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కూడా తెలిసిపోతుంది. అంత ఎత్తు నుంచి అంత త్వరగా దిగే నీళ్ళు కాబట్టి కరెంటు. చుఖా ప్రాజెక్టు 336 మెగావాట్లు, తాలా ప్రాజెక్టు 1,020 మెగావాట్లు, రెండూ మన దేశం సాయంతో కట్టినవే, మిగిలిన కరెంటు కొనేది కూడా మనమే. మీరు సరిహద్దు నుంచి థింఫూ వెళ్ళే దారి చాలా దూరం వాంగ్ ఛూ పక్కనే నడుస్తుంది. ఆ రోడ్డు కూడా 1960ల మొదట్లో మన బోర్డర్ రోడ్స్ వాళ్ళు వేసిందే, అంతకుముందు కాలినడకో గుర్రమో తప్ప ఇంకో దారి లేదు, 1958లో నెహ్రూ గారు వెళ్ళింది కూడా అలాగే.

ఇక మనుషులు. దీనికీ అదే మ్యాప్. పడమటి లోయల్లో ఎక్కువగా ఙలోప్‌లు, వాళ్ళది జోంగ్‌ఖా, అదే జాతీయ భాష. తూర్పున షార్చోప్‌లు, వాళ్ళు మాట్లాడే త్షాంగ్లా వేరే భాష, జోంగ్‌ఖా నేర్చుకోకపోతే అర్థం కాదు. దక్షిణాన నేపాలీ మాట్లాడే ల్హోత్సంపాలు, చాలామంది హిందువులు. ఇవి కాక చిన్న చిన్న లోయల్లో చిన్న చిన్న భాషలు, అన్నీ కలిపితే ఇరవై దాకా. కొండ అడ్డం ఉంటే మాట మారిపోతుంది మరి. స్కూళ్ళలో చదువు ఇంగ్లీషులో, అందుకే టూరిస్టులకి ఇబ్బంది ఉండదు, హిందీ కూడా చాలామందికి వచ్చు.

ఒక విషయం మాత్రం దాటేయకుండా చదవండి. సంతోషాల దేశం అని అందరూ రాస్తారు కానీ 1990 ప్రాంతంలో ఆ ల్హోత్సంపాల్లో లక్ష మందికి పైగా ఊళ్ళు వదిలి నేపాల్లో శరణార్థి క్యాంపుల్లో పడ్డారు. 1985 పౌరసత్వ చట్టం వచ్చాక 1958లో భూటాన్‌లోనే ఉన్నట్టు కాగితం చూపించమన్నారు, అప్పటి భూమి పన్ను రసీదు లాంటిది, లేనివాళ్ళు పరాయివాళ్ళైపోయారు. తర్వాత 2007, 2008 నుంచి ఎక్కువమంది అమెరికా చేరారు. తాతల నాటి కాగితం దొరక్క ఇల్లు పోవడం అంటే ఏంటో పట్టా కోసం తిరిగినవాళ్ళు మనలోనూ ఉన్నారు, వాళ్ళకి చెప్పక్కర్లేదు. భూటాన్ అంటే నాకు చాలా ఇష్టం, ఇష్టం కాబట్టే ఇది కూడా తెలుసుకుని వెళ్ళాలంటాను.

ఇప్పుడు ప్రభుత్వం. దీనికి పుస్తకం కంటే జోంగ్ మేలు. జోంగ్ అంటే కోట. 1616లో టిబెట్ నుంచి వచ్చిన బౌద్ధ గురువు జబ్‌ద్రుంగ్ ఙవాంగ్ నామ్‌గ్యాల్ ఈ లోయలన్నిటినీ కలిపి దేశం చేశాడు, ముఖ్యమైన లోయల్లో కోటలు కట్టించాడు, ఒకే కోటలో సగం మఠం సగం పాలన. ఇప్పటికీ అంతే. జోంగ్‌ఖా అంటేనే జోంగ్‌లో మాట్లాడే భాష అని. దేశంలో జిల్లాలు 20, జిల్లాని జోంగ్‌ఖాగ్ అంటారు, కలెక్టర్ లాంటి ఆయన జోంగ్‌దా. కింద గెవోగ్‌లు 205, ఒక్కోదానికి ఎన్నికల్లో గెలిచిన గుప్ ఉంటాడు, మన సర్పంచ్ అనుకోండి.

పునాఖా జోంగ్ ముందు కారు ఆపగానే మా డ్రైవర్ తమ్ముడు దిగి, డిక్కీలోంచి మడతపెట్టిన తెల్ల గుడ్డ తీసి, ఎడమ భుజం మీదుగా తిప్పి, గో మీద, అంటే అక్కడి మగవాళ్ళు వేసుకునే మోకాళ్ళ దాకా ఉండే అంగీ మీద, సర్దుకుని, అద్దంలో ఒకసారి చూసుకుని అప్పుడు లోపలికి వచ్చాడు. అదే కబ్నే, అది లేకుండా వాళ్ళు జోంగ్‌లో అడుగు పెట్టరు. దాని రంగులు గుర్తుపెట్టుకోండి, అక్కడి ప్రభుత్వం మొత్తం మీ కళ్ళ ముందే నడుస్తుంది. తెలుపు మామూలు జనానికి, నీలం పార్లమెంటు సభ్యులకి, ఆకుపచ్చ జడ్జీలకి, ఎరుపు రాజు దాషో బిరుదు ఇచ్చినవాళ్ళకి, నారింజ మంత్రులకి, పసుపు ఇద్దరికే, రాజుకి, మతాధిపతి జే ఖెంపోకి.

రాజవంశం 1907 డిసెంబర్ 17న మొదలైంది, మొదటి రాజు ఉగ్యెన్ వాంగ్‌చుక్. నాలుగో రాజు జిగ్మే సింగ్యే తనంతట తానే 2006లో కొడుక్కి సింహాసనం ఇచ్చేసి, జనం అడక్కుండానే ఎన్నికలకి దారి వేశాడు. ఓటు వేయడం అలవాటు లేని జనానికి నేర్పడానికి 2007లో ఉత్తుత్తి ఎన్నికలు పెట్టారు, పసుపు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ అని నాలుగు ఉత్తుత్తి పార్టీలు. దాదాపు అన్ని చోట్లా పసుపే గెలిచింది, పసుపు రాజు రంగు కదా! 2008 మార్చిలో అసలు ఎన్నికలు, జూలై 18న రాజ్యాంగం. దిగువ సభలో 47 మంది, పార్టీల పోటీ రెండు రౌండ్లు, మొదటి రౌండ్లో ముందున్న రెండు పార్టీలే చివరి పోటీకి వెళ్తాయి. అధికారంలో ఉన్న పార్టీలే 2018లో ఒకసారి, 2023లో ఒకసారి మొదటి రౌండ్లోనే ఇంటికి పోయాయి. ఎగువ సభలో 25 మంది, 20 మందిని జిల్లాలు పార్టీ లేకుండా ఎన్నుకుంటాయి, ఐదుగురిని రాజు వేస్తాడు. రాజు కూడా 65 ఏళ్ళకి దిగిపోవాలని రాజ్యాంగంలోనే ఉంది. దేశంలో అరవై శాతం ఎప్పటికీ అడవే ఉండాలని కూడా అందులోనే రాసుకున్నారు. మఠాల్లోని భిక్షువులకి మాత్రం ఓటు లేదు, మతం రాజకీయానికి పైన ఉండాలని.

కాగితాల సంగతి. పాస్‌పోర్ట్ గానీ ఓటరు కార్డు గానీ ఒరిజినల్ ఉండాలి, ఆధార్ పనికిరాదు. మాతో వచ్చిన ఒకాయన ఆధార్ ఒక్కటే తెచ్చుకుని సరిహద్దులో మన వైపు ఊరు జైగావ్‌లో లాడ్జిలో ఉండిపోయాడు, మేం తిరిగొచ్చేదాకా గేటు అవతల కొండలు చూస్తూ కూర్చున్నాడు పాపం. పిల్లలకి పాస్‌పోర్ట్ లేకపోతే బర్త్ సర్టిఫికెట్. మనవాళ్ళకి రాత్రికి మనిషికి 1,200 రూపాయల ఫీజు, ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి సగం, ఇంకా చిన్నవాళ్ళకి లేదు. రైలైతే హాసిమారాలో దిగి జైగావ్, విమానమైతే బాగ్‌డోగ్రా నుంచి కార్లో అదే జైగావ్, గేటు దాటితే ఫుంట్‌షోలింగ్. గడియారం అరగంట ముందుకి తిప్పుకోండి. అక్కడి ఙుల్‌ట్రమ్ మన రూపాయితో సమానం, కానీ మిగిలినవి అక్కడే ఖర్చుపెట్టి రండి, మన ఊళ్ళో ఎవరూ తీసుకోరు.

ఒక్క మాట నేర్చుకోండి చాలు, లా. కొండదారికీ లా, మర్యాదకీ లా. మన అండీ లాగా మాట చివర తగిలిస్తారు, కుజుజాంగ్పో లా అంటే నమస్కారమండీ, కాదిన్‌ఛే లా అంటే థాంక్సండీ. భోజనంలో ఎమా దత్షీ తినండి, మిరపకాయలే కూర, చీజ్ వేసి ఉడికిస్తారు, ఎర్రబియ్యం అన్నంలో కలుపుకుంటే గుంటూరు వాళ్ళకి కూడా నోరూరుతుంది.

వీలైతే చలికాలంలో వెళ్ళండి. అప్పుడు జే ఖెంపో, భిక్షువులు థింఫూ చలి వదిలి పునాఖా జోంగ్‌కి దిగొస్తారు. ఫో ఛూ, మో ఛూ కలిసే చోట, మగ నది, ఆడ నది అన్నమాట, ఆ రెంటి మధ్యలో ఉంటుంది జోంగ్. చెక్క వంతెన మీద నిలబడండి ఒక అరగంట, ఎర్ర బట్టల చిన్న భిక్షువులు ఒకవైపు, భుజాన తెల్ల కబ్నే, చేతిలో ఫైలుతో ఆఫీసు పని మీద వచ్చిన రైతులు ఒకవైపు, అందరూ అదే గుమ్మంలోంచి లోపలికి పోతుంటారు.