అమెరికాలో పేరున్న కాలేజీల్లో బేస్‌బాల్ ఆడాలంటే ఏం చేయాలి?

అమెరికాలో లిటిల్ లీగ్ నుంచి బేస్‌బాల్ ఆడుతున్న తెలుగు పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. తెలుగు కుటుంబం నుంచి వచ్చిన అర్జున్ నిమ్మలను ప్రొఫెషనల్ టీమ్‌లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2023లో టొరంటో బ్లూ జేస్ మొదటి రౌండ్‌లోనే తీసుకుంది. అయితే ఎక్కువ ఇళ్లలో ఆటా కావాలి, ప్రిన్స్‌టన్ లాంటి చోట చదువూ కావాలి. ఆ దారిలో వెళ్లేవాళ్లు ముందే మనసులో పెట్టుకోవాల్సింది ఒకటుంది. కోచ్‌కు నచ్చడం వేరు, సీటు రావడం వేరు. సీటు అడ్మిషన్స్ ఆఫీసు చేతిలో ఉంటుంది.

ముందు కాలేజీల జాబితా

కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ కాలేజీలను మూడు డివిజన్లుగా విడదీస్తుంది. స్టాన్‌ఫర్డ్, డ్యూక్, వాండర్‌బిల్ట్, రైస్ అన్నిటికన్నా పైదైన డివిజన్ 1 కాలేజీలు. వీటిలో బేస్‌బాల్ స్కాలర్‌షిప్‌లుంటాయి, పోటీ కూడా అలాగే ఉంటుంది. వాండర్‌బిల్ట్ 2014, 2019లో కాలేజ్ వరల్డ్ సిరీస్ గెలిచింది. ఐవీ లీగ్‌లోని (హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటివి) 8 కాలేజీలూ డివిజన్ 1వే, కానీ ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వవు. కుటుంబ ఆదాయం చూసే సాయం చేస్తాయి. డివిజన్ 3లోనూ ఆట కోసం స్కాలర్‌షిప్ ఉండదు. డివిజన్ 3 అనగానే చిన్నచూపు వద్దు: ఎంఐటీ, జాన్స్ హాప్కిన్స్, ఎమరీ, ఆమ్‌హర్స్ట్, విలియమ్స్ అక్కడే ఆడతాయి. బెంచీ మీద నాలుగేళ్లు కూర్చోవడం కన్నా అక్కడ రోజూ ఆడటం మేలని నా అభిప్రాయం.

మార్కులు తొమ్మిదో తరగతి నుంచే

ఐవీ కోచ్‌లు ఆటగాడి మార్కులు, టెస్ట్ స్కోర్ల నుంచి లెక్కగట్టే అకడమిక్ ఇండెక్స్ చూస్తారు. ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీకి ఎస్ఏటీ అక్కర్లేకపోయినా, హార్వర్డ్, ఎంఐటీ లాంటివి టెస్ట్ స్కోరు అడుగుతున్నాయి. జూనియర్ ఇయర్ (11వ తరగతి) మధ్యకల్లా ఒక మంచి స్కోరు చేతిలో ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

మెయిల్ అబ్బాయే రాయాలి

నాన్న రాసిన మెయిల్‌ని కోచ్‌లు ఇట్టే పట్టేస్తారు. సబ్జెక్ట్ లైన్‌లోనే సంగతంతా ఉండాలి: '2028 షార్ట్‌స్టాప్, న్యూజెర్సీ, జీపీఏ 3.9, ఎస్ఏటీ 1510' (2028 అంటే హైస్కూల్ పూర్తయ్యే ఏడాది, షార్ట్‌స్టాప్ అంటే ఆడే పొజిషన్). లోపల నాలుగైదు వాక్యాలు చాలు. ఆ కాలేజీయే ఎందుకో ఒక వాక్యం, 60 గజాల పరుగు సమయం, ఎగ్జిట్ వెలాసిటీ (బ్యాట్ తగిలాక బంతి వెళ్లే వేగం), రాబోయే మ్యాచ్‌ల తేదీలు, వీడియో లింకు, ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల పత్రం). వీడియో రెండు మూడు నిమిషాలు దాటొద్దు, సంగీతం అసలే వద్దు. బ్యాటింగ్‌ని పక్క నుంచి, వెనక నుంచి తీయండి. క్యాచర్ అయితే రెండో బేస్‌కి విసిరే త్రోలు కోతల్లేకుండా పెట్టండి. పాప్ టైమ్ (బంతి క్యాచర్ గ్లోవ్‌లో పడ్డాక రెండో బేస్‌కి చేరడానికి పట్టే సమయం) కోచ్ తనే లెక్కేసుకుంటాడు.

పదో తరగతిలో జవాబు రాలేదని దిగులు పడకండి. డివిజన్ 1 కోచ్‌లు జూనియర్ ఇయర్‌కి ముందు ఆగస్టు 1 వరకు రిక్రూటింగ్ గురించి మాట్లాడకూడదు. డివిజన్ 3కి ఇంత కట్టడి లేదు.

క్యాంప్ పిలుపు చూసి మురిసిపోవద్దు

తమ క్యాంపుకి రమ్మని కాలేజీ పంపే మెయిల్ వందలమందికి వెళ్తుంది. అందులో మీవాడి ఆట గురించి ఒక్క ముక్కయినా ఉందా? లేకపోతే డబ్బు కట్టేముందు అబ్బాయి చేతే కోచ్‌కి రాయించండి. తన వీడియో చూశారా, తన పొజిషన్‌లో ఆ ఏడాదికి ఇంకా మనిషి కావాలా అని అడగాలి. చాలా కాలేజీల కోచ్‌లు ఒకేచోట చేరే హెడ్‌ఫస్ట్ లాంటి అకడమిక్ క్యాంపులకు వెళ్తే మాత్రం ఒక్క ప్రయాణంతో పదిమంది కళ్లలో పడొచ్చు.

అసలు ప్రశ్న

సీనియర్ ఇయర్‌కి (12వ తరగతి) ముందు వేసవిలో, చాలా డివిజన్ 3 కాలేజీల్లో జులై 1 తర్వాత, కోచ్‌లు ట్రాన్స్‌క్రిప్ట్‌ని ప్రీ-రీడ్‌కి పంపుతారు. అడ్మిషన్స్ వాళ్లు ముందుగానే చూసి తమ అంచనా చెబుతారు. ప్రీ-రీడ్ బాగా వచ్చిందంటే సీటు వచ్చినట్టు కాదు. అప్పుడే అబ్బాయి మొహమాటం పక్కనపెట్టి అడగాలి: "కోచ్, మీ జాబితాలో నేను ఎక్కడున్నాను? ఎర్లీ డెసిషన్‌లో అప్లై చేస్తే అడ్మిషన్స్ దగ్గర నాకు మీ సపోర్ట్ ఉంటుందా? మీ సపోర్ట్ ఉన్నవాళ్లలో గతంలో ఎంతమందికి సీటు రాలేదు?" మంచి కోచ్ సూటిగా చెబుతాడు. 'చూద్దాం, టచ్‌లో ఉండు' అన్నాడంటే మరో కాలేజీ చూసుకోవడం మంచిది. ఐవీల్లో అయితే లైక్లీ లెటర్ (సీటు దాదాపు ఖాయమని అడ్మిషన్స్ ముందే పంపే ఉత్తరం) సంగతి అడగండి. అవి అక్టోబర్ 1 నుంచి వస్తాయి, కోచ్ మాట కన్నా వాటికే బలం ఎక్కువ.

ఎర్లీ డెసిషన్ అంటే సీటొస్తే చేరాల్సిందే. కాబట్టి అప్లై చేసేముందే కాలేజీ వెబ్‌సైట్లోని నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్‌లో అంకెలు వేసి చూసుకోండి. ఇంట్లో ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తుంటే సాయం పెద్దగా రాకపోవచ్చు. సీటు వచ్చాక కూడా చదువు వదలొద్దు. సీనియర్ ఇయర్ చివరి మార్కులు కాలేజీకి చేరతాయి, బాగా పడిపోతే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకునే హక్కు వాళ్లకుంది.