రోటరీ ఇంజన్ మార్చే ముందు జాగ్రత్తలు

అనంతపురంలో మా షెడ్డుకు 1987 మాజ్దా ఆర్‌ఎక్స్-7 కారు వచ్చింది. ఎక్కించాల్సింది 1990 ఇంజన్. రెండూ 13బీ రకం రోటరీ ఇంజన్లే కదా అని, ఇంజన్ ఎత్తే చెయిన్ బ్లాక్ వెంటనే తగిలించకండి.

ముందు కంప్రెషన్. ఫ్యూయల్, ఇగ్నిషన్ కట్ చేసి, ప్లగ్గు విప్పి, స్టార్టర్‌తో తిప్పుతూ వినండి. ఒక్కో రోటర్‌కు (పిస్టన్ బదులు లోపల తిరిగే మూడంచుల ముక్క) మూడు ‘ఫుస్’లు సమానంగా రావాలి. ఒకటి నీరసంగా ఉంటే రోటర్ అంచు సీలు మీద అనుమానమే. ఆ ఇంజన్ నేనైతే ఎక్కించను.

అసలు తంటా ఆయిల్ మీటరింగ్ పంపుతోనే. రోటరీ తన సీళ్ల కోసం కొంచెం ఆయిల్‌ను కావాలనే కాలుస్తుంది, దాన్ని అందించేది ఈ పంపే. 1988 మోడల్ దాకా పంపు మెకానికల్, 1989 నుంచి ఎలక్ట్రానిక్. పాత ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్) కొత్త పంపును నడపలేదు. ఆయిల్ అందక సీళ్లు అరుగుతాయి. ఏ పంపు, ఏ ఈసీయూ వాడాలో ఇంజన్ దించకముందే తేల్చుకోండి. పంపు తీసేస్తే పెట్రోల్‌లో టూ-స్ట్రోక్ ఆయిల్ కలపక తప్పదు.

ఫ్లైవీల్ (ఇంజన్ చివర తిరిగే బరువు చక్రం) ఏ ఇంజన్‌ది ఆ ఇంజన్‌కే. 1989లో రోటర్లు తేలికయ్యాయి, పాతది బిగిస్తే వణుకు. దాని నట్టు 54 ఎంఎం. ఆ సాకెట్ ముందే తెప్పించుకోండి, ఊళ్లో అడిగితే నవ్వుతారు.

బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఎండాకాలం రేకుల షెడ్డులో పెట్రోల్ పైపు విప్పే పని తెల్లవారుజామునే ముగించాలి.

ఇంజన్ నంబరు మారుతుంది కాబట్టి ముందే ఆర్టీఓ ఆఫీసులో అడిగి, ఆర్‌సీలో ఎక్కించుకోండి.