వరుసగా కార్లు గుద్దుకుంటే తప్పు తేల్చేదెలా, బీమా అడిగేదెలా

వెనుక నుంచి గుద్దినవారిదే తప్పు అన్న మాట రెండు కార్ల ప్రమాదంలో చాలావరకు నిలుస్తుంది, ఎందుకంటే ఆగడానికి సరిపడా దూరం ఉంచుకోవలసింది వెనుక డ్రైవరే. మూడు కార్లు తగులుకున్నప్పుడు చిక్కంతా మధ్య కారుతోనే వస్తుంది. ఆగి ఉన్న ఆ కారును చివరి కారు ముందుకు నెట్టి ఉంటే, మొత్తం నష్టం సాధారణంగా చివరి డ్రైవర్ మీదే పడుతుంది. మధ్య కారు తానే ముందుగా గుద్ది, ఆ తరువాత వెనుక దెబ్బ తిని ఉంటే, ముందు కారు నష్టంలో దానికీ వాటా తప్పదు.

కాబట్టి ముందు కారులోని వారిని మొదట అడగవలసింది ఎన్ని కుదుపులు తెలిశాయని. ఒక్కటే అయితే మధ్య కారును వెనుక నుంచి నెట్టారన్న వాదనకు బలం వస్తుంది. రెండైతే అది ముందే తగిలిందన్న అనుమానం కలుగుతుంది. ఈ జవాబును వారి అనుమతితో అక్కడే ఫోన్‌లో రికార్డు చేసుకోవాలి, రెండు రోజులు పోతే జ్ఞాపకాలు ఎవరికి అనుకూలంగా వారికి మారిపోతాయి. బంపర్ కూడా సాక్ష్యం చెబుతుంది: గట్టిగా బ్రేకు వేసిన కారు ముందు భాగం కిందికి వంగుతుంది కనుక, అలా వచ్చి గుద్దిన కారు ముందున్న దాని బంపర్ కింది భాగంలో గుర్తు వదిలే అవకాశం ఎక్కువ. అక్కడ ఆగడం వల్ల మరో ముప్పు లేదనుకుంటే కార్లను కదపకముందే వాటి మధ్య ఖాళీలను, నంబరు ప్లేట్లను, రోడ్డు మీది టైరు చారలను ఫోటోలు తీయాలి. డాష్‌క్యామ్ (కారులో బిగించే, రోడ్డును రికార్డు చేసే కెమెరా) ఉంటే పాత వీడియో మీద కొత్తది పడకముందే కార్డు తీసి దాచాలి.

అక్కడ మర్యాదకైనా "తప్పు నాదే" అనకూడదు. ఇతర డ్రైవర్ల పాలసీ వివరాలు రాసుకుని, పోలీసులకూ మీ బీమా సంస్థకూ వెంటనే తెలపాలి. చూసిందే చెప్పాలి, ఊహించింది చెప్పకూడదు. తప్పు తేలేదాకా ఆగలేనివారు, సొంత నష్టానికి కవర్ ఉంటే దాని కింద క్లెయిమ్ చేసి కారు బాగు చేయించుకోవచ్చు. పాలసీ ప్రకారం తమ వాటాగా కొంత సొమ్ము ముందు భరించవలసి రావచ్చు; అవతలి బీమా నుంచి డబ్బు రాబట్టే వీలుందేమో తమ సంస్థను అడగాలి. నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ చూడకముందు మాత్రం మరమ్మతు మొదలుపెట్టించకండి.

మెడనొప్పి ఒక్కోసారి మరునాటికి గాని బయటపడదు. అందుకే డాక్టరుకు చూపించుకోకముందు, ఇకపై ఏమీ అడగనని రాసి ఉన్న ఏ కాగితం మీదా సంతకం చేయకూడదు.