రీఫ్ ట్యాంక్‌లో క్లామ్‌ని ఎక్కడ పెట్టాలి, ఎలా నిలబెట్టుకోవాలి?

రీఫ్ ట్యాంక్ అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం, క్లామ్ అంటే ఇక్కడ ఆల్చిప్పల జాతికే చెందిన జెయింట్ క్లామ్. ముందు కాగితాల సంగతి. వీటిలో ట్రైడాక్నా మాక్సిమా, స్క్వామోసా అనే రకాలు మన వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న జీవులు, పైగా జెయింట్ క్లామ్‌లన్నీ సైటిస్ (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) జాబితాలో ఉన్నాయి. ఫారంలో పెంచి అనుమతులతో తెప్పించిన డెరాసా అనే రకం లాంటిదైతేనే చూడండి. కాగితాలు అడిగితే అమ్మేవాడు నసిగాడా, వెనక్కి వచ్చేయండి. సూర్యలంక ఇసుకలో దొరికే ఆల్చిప్ప తెచ్చి వేద్దాం అనుకునేరు! అది నీళ్లు వడగట్టుకుని తినే రకం. జెయింట్ క్లామ్ ఎక్కువగా తన కండలో ఉన్న నాచు వెలుతురుతో వండిపెట్టే తిండి మీదే బతుకుతుంది.

ట్యాంక్‌కి కనీసం ఆరు నెలలు నిండాలి. సాలినిటీ (ఉప్పదనం) స్పెసిఫిక్ గ్రావిటీ లెక్కలో 1.025, ఆల్కలినిటీ 8–9 dKH, కాల్షియం 420 ppm చుట్టుపక్కల కదలకుండా ఉండాలి. నైట్రేట్ మరీ సున్నా కూడా మంచిది కాదు. రాగి ఉన్న మందు చుక్క కూడా పడకూడదు. బెజవాడలో అసలు టెన్షన్ ఎండాకాలమే: మే నెలలో నీళ్లు 26 డిగ్రీల దగ్గర ఆగాలంటే నీళ్లు చల్లబరిచే చిల్లర్ తప్పదు, కరెంటు పోయినప్పుడు వేవ్ పంపు, ఎయిర్ పంపు అయినా ఇన్వర్టర్ మీద నడిచేలా చూసుకోండి. ఆవిరైన మేరకు ఆర్వో-డీఐ (లవణాలు తీసేసి శుద్ధి చేసిన) నీళ్లు పోయండి, బోరు నీళ్లు వద్దు.

తెచ్చిన రోజు కవరు ట్యాంక్‌లో తేలనిచ్చి, ఒక గంట చుక్కచుక్కగా మీ నీళ్లు కలపండి. డెరాసాని ఇసుక మీద, రంగుల కండ పైకి ఉండేలా పెట్టాలి. పంపు ధార నేరుగా తగలకూడదు, కుట్టే కోరల్స్ దగ్గర ఉండకూడదు. లైటు తగ్గించి మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పెంచండి.

క్లామ్ కింద ఒక పలచటి రాయి తప్పకుండా పెట్టండి. ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. పెట్టిన చోటు నాకు నచ్చక క్లామ్‌ని పైకి లాగితే, అడుగున సన్నటి పోగులతో బండని పట్టుకుని ఉన్న దాని పాదం చిరిగింది, పది రోజుల్లో చచ్చిపోయింది. చిన్న రాయిని పట్టుకుని ఉంటే రాయితో సహా జరపొచ్చు, లేదంటే పోగుల్ని బండ పక్కగా బ్లేడుతో కోయాలి.

రోజూ పైన చెయ్యి ఆడించండి. నీడ పడగానే చటుక్కున ముడుచుకుంటే బాగున్నట్టే. ముడుచుకోక, నీళ్లు పీల్చే రంధ్రం నోరు తెరుచుకున్నట్టే ఉండిపోతే నీళ్లు టెస్ట్ చేయండి. రాత్రి టార్చితో చిప్ప అడుగున చూడండి, బియ్యపు గింజంత తెల్ల నత్తలు కనిపిస్తే పాత టూత్‌బ్రష్‌తో తోమేయండి, మర్నాడు రాత్రి మళ్లీ చూడండి.