ముదురు బక్ ముక్కుకి అందకుండా స్టాండ్ ఎక్కడ పెట్టాలి

అమెరికాలోని విస్కాన్సిన్‌లో జింకల వేటకి కొత్తగా దిగిన తెలుగువాళ్లు నన్ను ముందుగా అడిగేది ఒకటే: "అన్నా, జింకలు ఎక్కువ తిరిగే చోటు ఎక్కడ?" ఆడ జింకలకీ, ఏడాదిన్నర మగ జింకలకీ ఆ ప్రశ్న సరిపోతుంది. నాలుగేళ్లు దాటిన బక్, అంటే ముదురు మగ జింక, కావాలంటే మాత్రం మొదటి ప్రశ్న వేరు. నేను కూర్చున్న చోటి నుంచి నా వాసన ఎటు పోతుంది? దీనికి జవాబు దొరికాకే స్టాండ్, అంటే చెట్టు మీద కూర్చునే మంచె, పెట్టడానికి చెట్టు వెతకాలి.

నేను ఉండేది లా క్రాస్‌లో. వేటాడేది దానికి దక్షిణాన, వెర్నన్ కౌంటీలో ఒక పాడి రైతు పొలంలో. హిమానీనదాలు తాకని ప్రాంతం ఇది, డ్రిఫ్ట్‌లెస్ అంటారు. నిటారు గుట్టలు, వాటి మధ్య ఇరుకు లోయలు. గుట్టల నెత్తిన మొక్కజొన్న, సోయా, అల్ఫాల్ఫా చేలు, వాలు మీద ఓక్ అడవి. ఇక్కడ చెప్పేదంతా ఆ నేల మీద నేర్చుకున్నది. చదును నేల మీద గాలితో ఇంత తిరకాసు ఉండదు.

ముందు చట్టం సంగతి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకని వేటాడటం నేరం. ఇక్కడ వేట రాష్ట్రం నడిపే పద్ధతి, జింకల సంఖ్యని అదుపులో ఉంచే ముఖ్యమైన దారి. 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు విస్కాన్సిన్‌లో లైసెన్స్ తీసుకోవాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి ఉండాలి. గ్రీన్ కార్డ్ లేకుండా హెచ్‌1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. ఫెడరల్ చట్టం మామూలుగా వాళ్లకి తుపాకీ నిషేధిస్తుంది. హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది కానీ, లాయర్‌ని అడగకుండా తుపాకీ ముట్టుకోకండి. విల్లు ఆ చట్టం కిందకి రాదు. పైగా విల్లు సీజన్ సెప్టెంబర్ మధ్యలోనే మొదలవుతుంది. తుపాకీ సీజన్ థాంక్స్‌గివింగ్‌కి (నవంబర్ నాలుగో గురువారం) ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులే ఉంటుంది.

ఇక గాలి. ఫోన్‌లో వాతావరణం యాప్ వాయవ్యం గాలి అని చెబుతుంది. అది గుట్ట నెత్తి మీద నిజం. వాలు మీద దానికి ఇంకో గాలి తోడవుతుంది. పొద్దున ఎండ తగిలి వాలు వేడెక్కితే గాలి పైకి లేస్తుంది. సాయంత్రం నీడ పడగానే చల్లబడి, బరువెక్కి, గండ్ల వెంట లోయలోకి జారుతుంది. వీటినే ఇక్కడ థర్మల్స్ అంటారు. తెల్లారే ముందు గాలి ఇంకా కిందికే జారుతూ ఉంటుంది. ఎండ వచ్చిన కాసేపటికి తిరగబడుతుంది. ఒకే చెట్టు మీద ఒకే పొద్దున మీ వాసన రెండు దిక్కులకి పోయిందంటే కారణం ఇదే. లోయ అడుగున రెండు వైపుల గాలీ కలిసి సుడి తిరుగుతుంది. అక్కడ జింకల అడుగులు ఎన్ని కనబడినా నేను స్టాండ్ పెట్టను.

ఇది కళ్లతో చూడాలంటే మిల్క్‌వీడ్ కాయలు జేబులో ఉంచుకోండి. మన జిల్లేడు కుటుంబపు మొక్కే, కాయ పగిలితే అదే తెల్లటి దూది. ఒక్కో పింజ వదిలి, కనబడినంత దూరం చూపుతో వెంబడించండి. దుకాణంలో అమ్మే పౌడర్ సీసా మీ చెయ్యి పక్కన గాలి సంగతి మాత్రమే చెబుతుంది. పింజ యాభై గజాల అవతల గాలి ఎక్కడ మలుపు తిరిగిందో, ఎక్కడ వెనక్కి వచ్చిందో కూడా చూపిస్తుంది. సీజన్‌కి ముందే, వేట లేని రోజున, పొద్దునా సాయంత్రమూ ఈ పని చేసి చూడండి. స్టాండ్ విషయంలో దీనికి మించిన పరీక్ష నాకు తెలియదు.

ముదురు బక్ కూడా ఈ గాలి లెక్క మీదే బతుకుతుంది. వాయవ్యం గాలి వీచే రోజున అది గుట్ట ఆగ్నేయం వాలులో, నెత్తికి కొంచెం కింద, పై మూడో వంతులో పడుకుంటుంది. వెనక నుంచి వచ్చేదాన్ని గాలి మోసుకొచ్చే వాసన చెబుతుంది. కింది నుంచి లేచే గాలి లోయ వాసన తెస్తుంది. ముందున్న వాలంతా కళ్లకి కనబడుతుంది. ముక్కు పొడుచుకొచ్చినట్టు గుట్ట చివర ముందుకి సాగిన చోట్లు దానికి మరీ ఇష్టం. మ్యాపులో నేల ఎత్తు చూపే ఆకృతి గీతలు చూస్తే ఇలాంటి చోట్లు ఇంట్లో కూర్చునే గుర్తించొచ్చు.

అలాంటప్పుడు గాలి పూర్తిగా మీకు అనుకూలంగా, దానికి పూర్తిగా వ్యతిరేకంగా ఉన్న చోట కూర్చుంటే ఏమవుతుంది? పగటి పూట అది ఆ దారిన రానే రాదు. గాలి తనకి అనుకూలంగా ఉందని నమ్మితేనే నడుస్తుంది. అందుకని దానికి దాదాపు అనుకూలమైన గాలి ఉన్న రోజునే కూర్చోవాలి. మీ వాసన దాని దారికి ఓ ఇరవై గజాలు పక్కనుంచి పోవాలి, అంతే తేడా. ఇంకా మేలైనది, మీ వాసన పడే వైపు జింక నడవలేని చోటు ఉండటం. నిటారు రాతి గోడ, లోతైన కోత, చెరువు, రోడ్డు, ఏదైనా సరే. గుట్ట ముక్కు మీద బయటి అంచున ఉన్న చెట్టయితే వాసన లోయ మీదుగా గాల్లోకి పోతుంది, వాలు మీద నేలకి తగలదు.

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన చోటు రెండు గుట్ట నెత్తుల మధ్య దిగిన పల్లం. దీన్ని ఇక్కడ శాడిల్ అంటారు. ఒక లోయ నుంచి ఇంకో లోయకి దాటేటప్పుడు బక్ ఆకాశం వెనుక కనబడకుండా అక్కడే దాటుతుంది. ఆ తర్వాత, వాలు మీద నీళ్లు కోసిన గండి మొదలయ్యే తల. గండి లోతుగా ఉంటే దాటలేక జింకలన్నీ దాని తల చుట్టూ తిరిగి వస్తాయి. చేను అడవిలోకి లోపలి మూల చేసుకున్న చోటు మూడోది. బక్ కాలితో నేల గీకిన గుర్తులు (స్క్రేప్‌లు) చేను అంచున ఎన్ని కనబడినా పెద్దగా లెక్కలోకి తీసుకోకండి. చాలావరకు రాత్రి పూట పనులవి. అడవి లోపల, పడకకి దగ్గర్లో, ముంజేయంత లావు చెట్లని బక్ కొమ్ములతో రుద్దిన గుర్తులు వరసగా కనబడితే అది పగటి దారి.

ఇవన్నీ వెతకడానికి మంచి నెల మార్చి. మంచు కరిగి, ఆకు ఇంకా రాకముందు, పోయిన శరదృతువు గుర్తులన్నీ చెక్కు చెదరకుండా ఉంటాయి. బక్ పడకలోకే నడిచి వెళ్లి, దాని కళ్లతో వాలు చూసి రావొచ్చు. అక్టోబర్‌లో అదే పని చేస్తే ఆ చోటు దాదాపు పోయినట్టే. కెమెరాలు కూడా నేను వేసవిలోనే కడతాను, సీజన్‌లో వాటి దగ్గరికి వెళ్లను.

మంచి చోటుని చెడగొట్టేది ఎక్కువగా అక్కడికి వెళ్లే దారే. పొద్దున చేను మీదుగా వెళ్తే మేస్తున్న జింకలు బెదురుతాయి. అందుకని పొద్దున వెనక వైపు నుంచి, వాగులో నడుచుకుంటూ, గండి వెంట పైకి ఎక్కండి. దారిలో ఎండు కొమ్మలు ముందే ఏరి పారేయండి. దారే లేని స్టాండ్ ఎంత అందమైన చోట ఉన్నా వదిలేయండి. మొదటిసారి కూర్చున్న రోజే అన్నిటికన్నా మంచి రోజు. కూర్చున్న కొద్దీ ఆ చెట్టు విలువ తగ్గుతుంది. అందుకే రెండు మూడు గాలులకి వేర్వేరు స్టాండ్‌లు ఉండాలి. గాలి తప్పిన రోజున ఇంట్లో ఉండండి.

చెట్టు విషయం క్లుప్తంగా. 18 నుంచి 20 అడుగుల ఎత్తు చాలు. కానీ నిటారు వాలు మీద, పైనుంచి వచ్చే జింకకి మీరు సరిగ్గా కంటి ఎత్తులో ఉంటారు. అలాంటి చోట ఎత్తు పెంచడం కన్నా వెనకాల మందంగా కొమ్మలున్న చెట్టు ఎంచుకోవడం మేలు. ఆరెంజ్ రంగు జింకకి మనకి కనబడినట్టు కనబడదు, నీలం బాగా కనబడుతుంది. జీన్స్ వద్దు. ఫుల్ బాడీ హార్నెస్, నేల నుంచి స్టాండ్ దాకా లైఫ్‌లైన్ తాడు లేకుండా ఎక్కొద్దు. వేటలో తుపాకీ కన్నా చెట్టు మీంచి పడటమే ఎక్కువమందిని ఆస్పత్రికి పంపుతుంది. విల్లయినా, గుండు తీసేసిన తుపాకీ అయినా, పైకెక్కాక తాడుతో లాక్కోండి. ఇంట్లోవాళ్లకి ఏ చెట్టో చెప్పి రండి.

సమయం విషయానికొస్తే, ఇక్కడ జత కట్టే కాలం ఉధృతంగా ఉండేది నవంబర్ మొదటి రెండు వారాలు. పగటి నిడివి తగ్గడాన్ని బట్టి వస్తుంది కాబట్టి ఏటా దాదాపు అవే తేదీలు. అప్పుడు బక్ తిండి మానేసి ఆడ జింకల పడకలకి గాలివాలున తిరుగుతూ వాసన చూస్తుంది. పది గంటలకి కాఫీ కోసం దిగిపోకండి. మధ్యాహ్నం రెండింటి లోపు, మిగతావాళ్లు కార్ల దగ్గర ఉన్నప్పుడు, శాడిల్ దాటే బక్‌లే ఎక్కువ. తుపాకీ సీజన్ మొదలయ్యాక జనం తొక్కిడికి అవి నడవడం మానేసి నక్కుతాయి. అప్పుడు పెద్ద అడవి వదిలి, కొట్టం వెనక ముళ్ల పొదలు, రోడ్డు పక్క రెల్లు మడుగు లాంటి, ఎవరూ పట్టించుకోని చోట్లు చూడండి.

వయసు గుర్తుపట్టడానికి కొమ్ములు చూడకండి, ఒళ్లు చూడండి. పొట్ట జారి, వీపు కొంచెం వంగి, కాళ్లు పొట్టిగా అనిపిస్తే అది ముదురుదే. అది మీకు అడ్డంగా తిరిగి నిలబడే దాకా ఆగండి. ఊపిరితిత్తుల మీద దెబ్బ తగిలిందని నమ్మకం ఉంటే అరగంట ఆగి దిగండి. పొట్టకి తగిలిందనిపిస్తే కనీసం ఆరు గంటలైనా దాని వెంట పడొద్దు. తొందరపడితే అది దూరం పోయి, బాధపడి, ఎవరికీ దొరక్కుండా చస్తుంది. అది మనం దానికి చేయకూడని అన్యాయం. జింక చేతికి దొరికిన మర్నాడు సాయంత్రం ఐదింటిలోగా దాన్ని రిజిస్టర్ చేయాలి. మెదడుని దెబ్బతీసి జింకని చంపే సీడబ్ల్యూడీ జబ్బు విస్కాన్సిన్ జింకల్లో 2002లో బయటపడింది. తల నమూనా డీఎన్ఆర్‌కి (రాష్ట్ర సహజ వనరుల శాఖకి) ఇచ్చి, ఫలితం వచ్చాకే మాంసం వండండి.

ఇక సాయంత్రం బక్ కనబడకుండా చీకటి పడి, ఎదురుగా చేలో జింకలు మేస్తున్నప్పుడు దిగడం ఎలా? దిగొద్దు. నేను ఆ రైతుకి మెసేజ్ పెడతాను, ఆయన పికప్‌లో చేను దాకా వస్తాడు. రోజూ చూసే బండి కాబట్టి జింకలు నింపాదిగా అడవిలోకి తప్పుకుంటాయి. నేను చెట్టు మీద ఉన్న సంగతి వాటికి తెలియదు, మర్నాడు గాలి బాగుంటే అదే చెట్టు ఎక్కొచ్చు.